నెమ్ము గోడ

నడిగూడెం ఐలయ్య కూతురు వసంతకు పెళ్లయ్యేదాకా తలుపుకు గడియ పెట్టుకుని పడుకునే అలవాటు లేదు. ఐలయ్యకు నూటికి పైగా గొర్రెలుండేవి. ఎండాకాలం మంద వెంబడి ఊళ్లు దాటి పోయేవాడు. వానాకాలం ఊరి బయట చెలకలో దొడ్డి కట్టి, గొర్రెల మధ్యనే ఉండేవాడు. తల్లి వాకిట్లో మంచం వాల్చేది. వాన పడితే తల్లీబిడ్డలు వసారాలోకి జరిగేవాళ్లు, వెలిస్తే మళ్లీ వాకిట్లోకి. ఇల్లంటే వసంత లెక్కలో సామాను పెట్టుకునే చోటు, అంతే.

పదో తరగతి అయ్యాక ఊళ్లోనే కుట్టుమిషను నేర్చుకుంది. చేయి మంచిది. ఒకసారి మనిషిని చూస్తే చాలు, భుజం కొలత కళ్లతోనే పట్టేసేది. పంతొమ్మిదో ఏట తిరుపతితో పెళ్లయింది. తిరుపతి లారీ డ్రైవరు. మేళ్లచెరువు సిమెంటు ఒక దిక్కుకు, మిర్యాలగూడ బియ్యం ఇంకో దిక్కుకు మోసేవాడు. నెలలో ఇంటి పట్టున ఉండేది ఆరేడు రోజులే. లారీ ఓనరు మిర్యాలగూడ మనిషి కాబట్టి కాపురం అక్కడే పెట్టారు. సులోచన, సత్యనారాయణ దంపతులకు సాగర్ కాలువ కింద పొలం ఉంది, పట్నంలో ఇల్లుంది. ఆ ఇంటి వెనక పోర్షన్ వసంతవాళ్లు కిరాయికి తీసుకున్నారు.

రెండు గదులు. ముందుగదిలో మిషను, మంచం, బీరువా. వెనకగదిలో వంట, దాని వెనక చిన్న బాత్రూం. ముందుగదికి తూర్పున ఒకే ఒక కిటికీ. ఇల్లు చూడడానికి వచ్చిన రోజు ఆ కిటికీ తెరిచే ఉంది, గాలి ధారాళంగా వచ్చింది. ఆ వేళ మిల్లు నడవడం లేదన్న సంగతి చేరిన నాలుగో రోజున గానీ తెలియలేదు. కిటికీకి ఎదురుగా సందు, సందు అవతల రైసుమిల్లు ప్రహరీ, దాని వెనక పొగగొట్టం. వడ్లు ఉడకబెట్టడానికి బాయిలర్‌లో ఊక మండిస్తారు. ఆ బూడిద నల్లటి నలకలై గాలి ఎటుంటే అటు దిగుతుంది. నాలుగో రోజు పొద్దున వసంత ఎవరిదో పసుపు జాకెట్టు గుడ్డ మిషను మీద పరిచి, లోపలికి పోయి వచ్చేసరికి దాని మీద మిరియాల పొడి చల్లినట్టుంది. దులపబోతే గీతలు పడ్డాయి. ఆ రోజు మూసిన కిటికీని ఆమె మళ్లీ పూర్తిగా తెరవలేదు.

బట్టలు బయట ఆరేస్తే బూడిద. మిద్దె మీదికి కిరాయికున్నవాళ్లు ఎక్కకూడదని సులోచన మొదటే చెప్పింది. అందుకని ముందుగదిలోనే నైలాన్ తాడు కట్టి ఆరేసేది. సంగీత పుట్టాక ఆ తాడు ఖాళీగా ఉన్న రోజు లేదు. అయినా నాలుగైదేళ్లు ఎట్లాగో గడిచాయి.

ఆ తర్వాత ఒక ఎండాకాలంలో సత్యనారాయణకు పక్షవాతం వచ్చింది. పెద్ద మనిషి, ఊళ్లో మాట చెల్లినవాడు. కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. మాట కూడా ముక్కలు ముక్కలైంది. ఆయన మంచం నుంచి పది అడుగులు నడవలేడు కాబట్టి, పడకగదికి ఆనించి హడావుడిగా ఒక బాత్రూం కట్టించారు. పది రోజుల్లో పైకి లేచిన ఆ బాత్రూం తూర్పు గోడా, వసంత ముందుగది పడమటి గోడా ఒకటే.

ఆ వానాకాలం చివర ఆ గోడకు మోకాలి ఎత్తున తడి మరక కనబడింది. దసరా నాటికి నడుం దాకా ఎక్కింది. రంగు అప్పడంలా పొంగి, వేలు తగిలితే పొరలు పొరలుగా రాలేది. తడిసిన గోనెసంచి వాసన ఒకటి ఇంట్లో చేరి కూచుంది. దీపావళికి బీరువా జరిపి చూస్తే, వెనక గోడంతా నల్లటి చుక్కలు. దగ్గరికి పోతే వాటికి సన్నటి నూగు ఉంది. బూజు.

వసంత సులోచనను పిలిచి చూపించింది. సులోచన గుమ్మంలోనే నిలబడి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంది వసంతా, గోడను గిట్ల ఖరాబు చేసినవ్?"

"నేనేం చేసిన అమ్మా? ఆ దిక్కు మీ బాత్రూం ఉన్నది గదా, అందులకెళ్లి వస్తుందేమో."

"మా దిక్కు వచ్చి సూడు, టైల్స్ అద్దంలెక్క ఉన్నయ్." సులోచన కళ్లు పైన తాడు మీదికి పోయాయి. "గిన్ని తడిబట్టలు లోపట ఆరేస్తే చెమ్మ రాక ఏమొస్తది? కిటికీ సూస్తే తెరువవు. ఇంట్లకు నీళ్లు నువ్వే పెట్టుకుంటున్నవ్."

"తెరిస్తే బూడిద అమ్మా. గిరాకోళ్ల బట్టలు నాశనమైతయ్."

"ఊరందరికీ ఉంది బూడిద," అని సులోచన వెళ్లిపోయింది. వారం తర్వాత మనిషిని పంపి గోడకు మెరిసే రంగు వేయించింది. రెండు నెలలు గోడ పెళ్లికూతురిలా ఉంది. మూడో నెలలో రంగు కింద బొబ్బలు లేచాయి.

వసంతకు ఆదివారం అంటే ఇక అదే పని. మూతికి చున్నీ కట్టుకుని, బ్లీచింగ్ నీళ్లతో, కొబ్బరి పీచుతో గోడ తోమేది. కళ్లు మండేవి. తెల్లగా వచ్చిందనుకుంటే, మళ్లీ శనివారానికి అదే చోట మొలిచేది. దుప్పట్లలో వాసన, పిల్ల పుస్తకాల అట్టల్లో వాసన. ఆఖరికి తన తల వెంట్రుకల్లో కూడా ఆ వాసనే ఉందేమోనని గిరాకీ వచ్చినప్పుడు రెండు అడుగులు దూరంగా నిలబడేది.

గోడకు పట్టినదాన్నీ నెమ్ము అనే అంటారు, రొమ్ములో పట్టినదాన్నీ నెమ్ము అనే అంటారు. ఆ చలికాలం వసంత ఇంట్లో రెండూ ఉన్నాయి. ఒకటో తరగతి చదివే సంగీతకు దగ్గు మొదలై ఎంతకూ తగ్గలేదు. గాలి పీలిస్తే లోపల పిల్లికూతలు వినిపించేవి. పిల్లల డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విని, మందు రాసేముందు అడిగాడు.

"ఇంట్ల గోడలకు బూజు ఉన్నదామ్మా?"

వసంతకు తన ఒంటి మీది మురికి ఎవరో నలుగురిలో చూపినట్టయింది. "ఉన్నది సార్."

"మందు ఇస్త. నోట్ల కొట్టే పంపు కూడ ఇస్త. గానీ పిల్ల పీల్చే గాలి మారకుంటే నేనేం చేసినా అంతంతే."

దారిలో సంగీత ఆ నీలం రంగు పంపును బొమ్మలా ఊపుకుంటూ నడిచింది. వసంత ఆ పూటే ఇల్లు వెతకడం మొదలుపెట్టింది. స్టేషను దగ్గర మేడ మీద ఒక పోర్షన్ ఉంది. వాళ్లు మిషను చప్పుడు వద్దన్నారు. హౌసింగ్ బోర్డు వైపు ఒకటి నచ్చింది. ఆ ఇంటాయన అన్నీ అడిగి, "మీ ఆయన లారీ మీద ఉంటడా? అంటే ఇంట్ల నువ్వొక్కదానివే ఉంటవ్. రోజంతా ఎవరో ఒకరు వస్తుంటరు, పోతుంటరు. అది మాకు కుదరదమ్మా," అన్నాడు. మూడో చోట ఇదే మాట ఇంకొంచెం తియ్యగా చెప్పారు. నాలుగో చోట అసలు తలుపే తీయలేదు. గిరాకంతా ఆ నాలుగు వీధుల్లోనే ఉంది. ఊరు వదిలి పోతే చేతి పని పోతుంది. వసంత బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది.

తిరుపతికి ఫోన్లో చెబితే, "నేనొచ్చినంక సూద్దాం," అనేవాడు. వచ్చినప్పుడు ఒళ్లు తెలియకుండా నిద్రపోయేవాడు. రెండు రోజులు ఉండి పోయే మనిషికి ఆ వాసన అంతగా తెలిసేది కాదు.

మరుసటేడు దసరా సెలవులకు ముందు ఐలయ్య కూతుర్ని చూడడానికి వచ్చాడు. గుమ్మం లోపల అడుగుపెట్టి ఆగిపోయాడు. చాయ్ గ్లాసు చేతికిస్తే, బయట సందులోకి పోయి గోడకు ఆనుకుని తాగాడు.

"నాయినా, లోపట కూసోరాదే?"

"బిడ్డా, గీ వాసన నాకు ఎరుకే. వానలల్ల దొడ్డి బురదైతే వస్తది. రెండ్రోజులు ఆగితే గొర్రెల కాళ్లు కుళ్లుతయ్. గొర్రె ఎండకు ఓరుస్తది, చలికి ఓరుస్తది. కాళ్ల కింద తడికి మాత్రం ఓర్వదు."

"అప్పుడు ఏం చేస్తవ్?"

"ఏం చేస్త? మంద లేపుత. మెరక జాగ సూసి అక్కడ కొడత."

వసంత నవ్వబోయింది. నవ్వు రాలేదు. "నన్ను ఎటు లేపుతవ్ నాయినా?"

ఐలయ్య గ్లాసు కింద పెట్టాడు. "పిల్లనన్న నాతోని పంపు. సెలవులు గడిచేదాక," అన్నాడు.

సంగీత పదకొండు రోజులు నడిగూడెంలో ఉంది. మూడో రోజు నుంచి పంపు అవసరమే పడలేదని, గొర్రెపిల్లల వెంట ఉరుకుతోందని అమ్మమ్మ ఫోన్లో చెప్పింది. వసంతకు సంతోషం వేయాల్సింది, భయం వేసింది. ఎందుకంటే తిరిగి వచ్చిన నాలుగో రోజునే పిల్ల రొమ్ములో మళ్లీ ఆ కూతలు మొదలయ్యాయి. ఇంతకాలం వాతావరణమో, ఏదో పడకపోవడమో అని చెప్పుకుంది. ఇక అట్లా చెప్పుకోవడానికి లేదు. ఇల్లే పిల్లను తింటోంది. ఆ ఇంట్లోకి రోజూ బడి అయ్యాక పిల్లను చెయ్యి పట్టి తీసుకొస్తున్నది తనే.

ఆ కార్తీకంలోనే శ్రీలత పట్టు జాకెట్ల సంగతి జరిగింది. శ్రీలతది కోదాడ. చెల్లెలి పెళ్లికని, ఎవరో చెప్పగా విని అంత దూరం నుంచి వచ్చి మూడు జాకెట్లు ఇచ్చింది. వసంత మనసు పెట్టి కుట్టింది. కుట్టి, మడతపెట్టి, బీరువాలో పెట్టింది. మధ్యలో మూడు రోజులు ముసురు పట్టింది. శ్రీలత వచ్చిన రోజు జాకెట్లు తీసి ఇస్తే, ఆమె మడత విప్పి వెలుతురులోకి పట్టుకుంది.

"వసంతా, ఇదేంటి? చంక దగ్గర ఈ బూడిద రంగు మచ్చలేంటి?"

వసంత చూసింది. మచ్చ కాదు, నూగు. మిగతా రెండూ విప్పింది. ఒకదాని వీపు మీద కూడా ఉంది.

"బీరువాల పెట్టిన అక్కా... మూడే రోజులు..."

శ్రీలత అరుస్తుందనుకుంది. శ్రీలత అరవలేదు. బీరువా దాకా వచ్చి లోపలికి వంగి వాసన చూసింది. తర్వాత పక్క గోడకు అరచెయ్యి ఆనించి, తీసి, చెయ్యి చూసుకుంది. ఆమె చూపు గోడ వారనే ఉన్న మంచం మీదికి, దాని మీద ముడుచుకుని బొమ్మలు గీస్తున్న సంగీత మీదికి పోయింది.

"పాపని ఇక్కడే పడుకోబెడుతున్నావా?" అని మెల్లగా అడిగింది.

జాకెట్లు సంచిలో పెట్టుకుని, డ్రైక్లీనింగ్ వాళ్లకు చూపిస్తానని చెప్పి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. తిట్టి పోయినా బాగుండేదని వసంత ఎన్నోసార్లు అనుకుంది. ఆ ప్రశ్న మాత్రం గోడలాగే ఇంట్లో ఉండిపోయింది.

ఆ వారంలోనే పాపయ్య లుంగీ అంచు కుట్టించుకోవడానికి వచ్చాడు. పాపయ్య సందు చివర ఉంటాడు. నలభై ఏళ్లు మిల్లు కల్లంలో వడ్లు ఆరబోసిన మనిషి. గింజ పంటి కింద కొరికి, ఎంత తడి ఉందో చెప్పేవాడని పేరు. అంచు కుట్టేంతసేపూ ఆయన గోడనే చూస్తూ కూచున్నాడు.

"నీళ్లు యాడికెళ్లి వస్తున్నయో ఎరుకనా బిడ్డా?"

"వాళ్లు నా బట్టల తడి అంటరు. నేను వాళ్ల బాత్రూం అంట. ఎవరికి ఎరుక తాతా!"

"ఎరుక చేసుకోవచ్చు." ముసలాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "కల్లంల వడ్ల రాశి మీద పట్టా కప్పుతం. పొద్దున లేసి సూస్తం. పట్టా పైన తడి ఉంటే అది మంచు. బయటికెళ్లి వచ్చింది, పరవాలేదు. పట్టా కింద తడి ఉంటే వడ్లే చెమట పట్టినయ్. లోపటి తడి. గోడ కూడ గంతే. పల్చటి కవరు ముక్కలు అతికియ్యి. నాలుగు దిక్కుల టేపు ఎయ్యి, గాలి సొరవొద్దు. రెండు రోజులాగి సూడు. కవరు పైన నీళ్లుంటే నీ ఇంట్ల తడి. కవరు ఎనక ఉంటే గోడల తడి."

వసంత ఆ సాయంత్రమే మూడు ముక్కలు కత్తిరించింది. ఒకటి పడమటి గోడకు, ఒకటి వంటగది గోడకు, ఒకటి కిటికీ పక్కన అతికించింది. సంగీత వాటికి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసింది. రెండు రోజులు వసంత వాటి వైపు చూడకుండా ఉండడానికి ప్రయత్నించింది. మూడో రోజు పొద్దున లేచి చూసింది.

వంటగది కవరు పైన, గది వైపు, సన్నటి నీటి చుక్కలు. వేలితో రాస్తే గీత పడింది. కిటికీ పక్కది పొడిగానే ఉంది. పడమటి గోడ కవరు మాత్రం పైన పొడిగా ఉండి, వెనక వైపు ధారలు కట్టి, అడుగున టేపు దగ్గర చెంచాడు నీళ్లు నిలిచి ఉన్నాయి.

అంటే ఇద్దరిదీ నిజమే. వసంత అక్కడే మిషను స్టూలు మీద కూలబడింది. సులోచన అన్న మాటలో సగం నిజముందని తేలడం చురుక్కుమంది. మూత పెట్టకుండా అన్నం వండడం, తడిబట్టల తాడు, నీళ్లు చల్లి చేసే ఇస్త్రీ, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. కానీ ఇంత తడిలో ఎంత తనదో, ఎంత తనది కాదో మొదటిసారి తెలిసింది. తనదైనంత మేరకు తను చేయగలదు.

చేసింది. వంట మూతపెట్టి, వెనక తలుపు తెరిచి వండింది. ఆ విడత తిరుపతి వచ్చినప్పుడు నిద్రపోనివ్వకుండా వంటగది వెంటిలేటర్‌లో బయటికి గాలి తోసే ఫ్యాను పెట్టించింది. బీరువాను గోడ నుంచి జానెడు ఇవతలికి జరిపించింది. కిటికీ సంగతి పాపయ్యను అడిగితే, ఆయన ఆకాశం కేసి చూసి చెప్పాడు.

"ఇప్పుడు చలికాలం గదా, పొద్దెక్కినంక గాలి కాలువ దిక్కు మళ్లుతది, బూడిద ఇటు అంతగ రాదు. పది కొట్టినంక తెరువు, ఒంటిగంటకు ముయ్యి."

ఆ మూడు గంటలకు కూడా ఆమె దోమతెర గుడ్డ రెండు పొరలు వేసి, చుట్టూ నాడా కుట్టి, కిటికీకి తొడుగు చేసింది. రెండు రోజులకొకసారి ఉతికితే బకెట్ నీళ్లు నల్లగా దిగేవి. తడిబట్టలు ఆ మూడు గంటల్లోనే కిటికీ ముందు ఆరాలి. ఆరకపోతే మర్నాటిదాకా బకెట్లోనే. ఆమె రోజంతా ఆ గడియారం చుట్టూ తిరిగేది. ఎవరైనా మాట్లాడుతూ కూచుంటే, పన్నెండున్నర దాటిందంటే ఆమెకు ఊపిరాడేది కాదు. నెల తిరిగేసరికి వంటగది గోడ పొడిబారింది. పడమటి గోడ మాత్రం కదల్లేదు.

వసంత మళ్లీ ఒక కవరు అతికించి, రెండు రోజులాగి, సులోచనను పిలుచుకొచ్చింది. టేపు ఊడదీసి వెనక వైపు నీళ్లు చూపించింది. సులోచన ముఖం ఎర్రబడింది.

"ఎవరో ముసలోడు కవరు అతికియ్యమంటే, నేను బాత్రూం పగలగొట్టాల్నా?"

"నా దిక్కు తప్పు నేను సరి చేసుకున్న అమ్మా. వంటగోడ సూడున్రి. ఇది నా చేతుల లేదు. పిల్లకు ఊపిరి ఆడుతలేదు."

"పగలగొడితే వారమో పది రోజులో ఆరాలె. అన్ని రోజులు ఈయనకు నేను యాడ తానం పోయాలె?" సులోచన గొంతు ఒక్కసారిగా పగిలింది. "రెండేండ్లాయె వసంతా. ఒక పెండ్లికి పోలే, ఒక పేరంటానికి పోలే. పొద్దున ఆయనను లేపుడు, కడుగుడు, తినిపిచ్చుడు. ఆ బాత్రూం ఒక్కటే నాకు జర ఆసరా. అది కూడ పగలగొట్టుమంటవా?"

ఇంతకాలం గోడ అవతల ఉన్నది తన శత్రువనుకుంది వసంత. అవతల కూడా ఒక ఆడమనిషి తలుపులు మూసుకుని ఉంది. అయినా తన కళ్ల ముందు సంగీత ఉంది. జాలిపడి ఇప్పుడు వెనక్కి తగ్గితే ఈ మాట మళ్లీ ఎత్తలేనని తెలుసు.

"మా బాత్రూంల పోయున్రి," అంది. "సందుల నుంచి చక్రాల కుర్చీ వస్తది. నేను పట్టుకుంట."

సులోచన తన ఇంట్లోకి నడిచింది. వసంత గుమ్మం దాకా వెంట పోయింది. లోపల మంచం మీద సత్యనారాయణ అంతా విన్నట్టున్నాడు. ఎడమచేత్తో మంచం పట్టీ మీద గట్టిగా చరిచాడు. మూతి వంకర పోయి, మాట కోసం మెడ నరాలు లేచాయి.

"కొట్... కొట్టి... య్యి."

"ఏందయ్యా?" అంది సులోచన.

ఆయన చెయ్యి బాత్రూం గోడ వైపు లేచింది. "కొట్టి... య్యి," అన్నాడు మళ్లీ.

మేస్త్రి జగన్ సోమవారం వచ్చాడు. టైల్స్ పగలగొడితే లోపల ఇటుక తడిసి కేకులా ఉంది. కుళాయి పైపు అతుకు దగ్గర చుక్క తర్వాత చుక్క కారుతోంది. నేల మీద నీళ్లు పోయే జాలీ చుట్టూ సిమెంటే నింపలేదు. సత్యనారాయణ స్నానం చేసిన ప్రతిసారీ సగం నీళ్లు నేల కిందికి, అక్కడి నుంచి గోడలోకి పోయాయి. సులోచన నిలబడి చూసింది. వసంత వైపు చూడలేదు. "ఈసారన్న మంచిగ చెయ్యి," అని మేస్త్రితో అంది.

తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ పొద్దున ఏడింటికి సత్యనారాయణను కుర్చీలో సందులోంచి తోసుకొచ్చేవాళ్లు. వసంత ఆయన చంకల కింద చేతులు వేసి, మోకాలు ఆయన మోకాలికి అడ్డం పెట్టి లేపేది. చిన్నప్పుడు కుంటి గొర్రెను లేపిన ఒడుపే అది. సులోచన ఒక్కతే లేపినప్పుడు ఆయన నొప్పికి మూలిగేవాడు. వసంత లేపితే మూలగలేదు. సులోచన అది గమనించింది.

జగన్ వసంత వైపు గోడ పెచ్చులన్నీ నడుం ఎత్తు దాకా గీకేసి, ఇటుక తేల్చి వదిలాడు. "ఇప్పుడే పూస్తే మళ్ల అదే కథ. ఆరనియ్యి. గోడ తడి తాగుడు బిరాన తాగుతది, కక్కుడు మాత్రం నిదానంగ కక్కుతది," అన్నాడు. శివరాత్రి దాటేదాకా వాళ్లు ఆ ఎర్ర ఇటుకల ముందే బతికారు. మంచం గది మధ్యకు వచ్చింది, నడవడానికి చోటు లేదు. గిరాకోళ్లు వచ్చి, "ఇల్లు కూలుతుందా ఏంది?" అని అడిగేవాళ్లు. వసంత రెండు వారాలకొకసారి కవరు ముక్క అతికించి చూసేది. ఫాల్గుణంలో ఒక రోజు వెనక వైపు కూడా పొడిగా వచ్చింది. దాన్ని చేత్తో నలిపి చప్పుడు విన్నది. ప్లాస్టర్ చేయించి, మెరిసే రంగు వద్దని, తనే నిలబడి సున్నం వేయించింది.

సంగీత పంపు రోజుకు మూడుసార్ల నుంచి వారానికి ఒకటి రెండుకు తగ్గింది. పూర్తిగా పోలేదు. యాసంగి వడ్లు వచ్చి మిల్లు రాత్రింబవళ్లు నడిచే రోజుల్లో పిల్లకు మళ్లీ కూతలు వచ్చేవి. అవి బూడిదకు వచ్చేవి. ఆ గోడ వసంత గీకించగలిగింది గానీ, ఆ గొట్టాన్ని ఏమీ చేయలేకపోయింది. సులోచన మాత్రం మెత్తబడి, "ఇగనుంచి బట్టలు మిద్దె మీద ఆరేసుకో," అంది. మిద్దె మీద రవ్వంత సేపు ఆరేస్తే తెల్లబట్ట బూడిదరంగు అయ్యేది. వసంత "సరే అమ్మా," అని ఊరుకుంది.

ఉగాది అయ్యాక తిరుపతి కోదాడలో ఒక ఇల్లు ఉందని కబురు తెచ్చాడు. మేడ మీద పోర్షన్, రెండు దిక్కులా కిటికీలు, చుట్టుపక్కల మిల్లు లేదు. గిరాకీ మొదటి నుంచి వెతుక్కోవాలి. అయినా ఆదివారం ముగ్గురూ వెళ్లారు. వసంత లోపలికి పోగానే ఒక్కో గోడకు అరచెయ్యి ఆనించి చూసింది. కింద మూలలు చూసింది, బాత్రూం ఎటు ఆనుకుని ఉందో చూసింది. సంగీత ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి ఉరికింది. ఇంటాయన తిరుపతితో అన్నీ మాట్లాడి, "మీరు ఎన్నాళ్లకోసారి వస్తారండీ ఇంటికి? అమ్మాయి ఒక్కతే ఉంటుందా?" అని అడిగాడు.

ఇంతకుముందు ఆ మాటకు వసంత తల దించుకునేది. ఈసారి తిరుపతి నోరు తెరవకముందే ముందుకు వచ్చింది.

"ఆయన లారీ మీద ఉంటడు సార్. ఇంట్ల ఉండేది నేను. బట్టలు కుట్టుకుంట, పిల్లను సదివించుకుంట. ఇల్లు మంచిగ ఉంచుత. అడిగేదేదన్న ఉంటే నన్నడుగున్రి."

ఆయన కొంచెం తత్తరపడి, నవ్వి, "అదేం లేదులేమ్మా. ఇంట్లో మాట్లాడి ఫోన్ చేస్తాను," అన్నాడు. మూడు వారాలు చూశారు. ఫోన్ రాలేదు. తిరుపతి ఆ దారిన పోయినప్పుడు వాకబు చేస్తే, ఇల్లు ఎవరో బ్యాంకు ఉద్యోగికి ఇచ్చేశారని తెలిసింది.

ఆ కబురు ఫోన్లో విన్న మర్నాడు పొద్దున, వసంత ఎప్పటిలాగే ఏడింటికి సులోచన ఇంట్లోకి పోయింది. బాత్రూం బాగై నెలలైనా ఆ అలవాటు ఆగలేదు. "వసంతా, జర రా," అని గోడ అవతలి నుంచి పిలుపు వినబడితే చాలు, ఆమె కుట్టు ఆపి లేచేది. రోజూ రావాలని ఎవరూ అడగలేదు, ఎవరూ మానమనలేదు. అట్లా అయిపోయింది.

"కోదాడ ఇల్లు ఏమాయె? దొరికిందా?" అంది సులోచన, మగ్గులో నీళ్లు పట్టుకుంటూ.

"దొరకలే అమ్మా. వేరేటోళ్లకు ఇచ్చిన్రట."

"అయ్యో," అంది సులోచన. అన్నది గానీ, ఆమె ముఖంలో గుండె కుదుటపడిన వెలుగు ఒకటి వచ్చింది. దాన్ని దాచుకోవడం ఆమెకు చేతకాలేదు. వసంత అది చూసింది. కోపం వస్తుందేమోనని ఒక క్షణం ఆగింది. రాలేదు. అలసట లాంటిదేదో వచ్చింది.

మంచం మీద సత్యనారాయణ ఎడమచెయ్యి చాచి ఉన్నాడు. వసంత కొంగు నడుముకు దోపుకుని, ఆయన చంకల కింద చేతులు పోనిచ్చి, "నా మెడ పట్టుకో పెద్దయ్యా," అని ఆయన బరువు తన మీదికి తీసుకుంది.